గోడలో నూనె

పదకొండో వారం

పోయిన వారం నిరోషను గద్వాలలో విచారణ గది గుమ్మం దగ్గర వదిలిపెట్టాం. లోపల కుర్చీలో ఆమె పెద్దమ్మ భీమమ్మ కూర్చుని ఉంది. పత్తి జిన్నింగ్ మిల్లులో ఇరవై రెండేళ్లు మిషన్లకు పత్తి అందించి చెవులు పోగొట్టుకున్న మనిషి. సైరన్ మోగినా కదల్లేదని నెల కిందట మిల్లువాళ్లు ఆమెను పనిలోంచి తీసేశారు. మిల్లు మోతే తన చెవులు తినేసిందని ఆమె అర్జీ పెట్టుకుంది. మా షెడ్డులో అంత మోతే లేదని మేనేజరు నరేందర్ జవాబిచ్చాడు. అందుకు రుజువుగా ఒక నివేదిక బల్ల మీద పెట్టాడు. దాని కింద ఉన్న సంతకం హైదరాబాదులో డాక్టరేటు పట్టా కోసం పరిశోధన చేస్తున్న నిరోషది.

ఆ సంతకం దగ్గరే ఈ వారం కథ మొదలవుతుంది.

"ఇది నీదేనామ్మా?" విచారణ అధికారి సరిత కాగితాన్ని ఇటు తిప్పి అడిగింది.

"నాదే మేడం."

"ఇందులో సగం నాకు అర్థం కాలేదు. ఏం రాసినవో నువ్వే చెప్పు."

హైదరాబాదులో ప్రొఫెసర్ల ముందు ఈ సంగతి నిరోష ఎన్నిసార్లు చెప్పిందో లెక్క లేదు. ఏ రోజూ తడబడలేదు. ఇవాళ పక్క కుర్చీలో పెద్దమ్మ ఉంది. ఆ కొంగు పట్టుకునే తను పెరిగింది. అమ్మానాన్న పుణె పనులకు పోతూ ఐదేళ్ల పిల్లను ఆ ఇంట్లో దింపిపోతే, సొంత కొడుకు సాంసన్‌తో సమానంగా చూసుకున్న మనిషి.

"మిషన్ల వరుసకూ ఆడోళ్లు నిలబడే అరుగుకూ నడుమ పన్నెండు పలకలు బిగించినం మేడం. పత్తి వేసే సందు మాత్రం వదిలినం. ఒక్కో పలక తలుపంత ఉంటది. లోపల బోలు. ఆ బోలుల నూనె, నూనెల మైదా కంటే మెత్తటి పొడి. కరెంటు ఇస్తే ఆ పొడి రేణువులు ఒకదాన్నొకటి పట్టుకొని వరుస కడతయి. నూనె బిగుసుకుంటది. మోత పెరిగినకొద్దీ ఇంకా బిగుసుకునేటట్టు పెట్టినం. శబ్దం అటునుంచి ఇటు దాటనియ్యదు."

"కరెంటు తీసేస్తే?"

"ఉత్త నూనె. మోత మోతలెక్కనే ఉంటది. కరెంటు లేకుంటే తొంభై ఎనిమిది డెసిబెల్స్ వచ్చింది. కరెంటు ఇచ్చినంక ఎనభై ఐదుకు దిగింది. డిసెంబర్ మొదటి వారంల నేనే కొలిచిన."

"చూసిన్రు గద మేడం!" నరేందర్ కుర్చీలో ముందుకు జరిగాడు. యాభై దాటిన మనిషి, మడత నలగని తెల్లచొక్కా, ఎవరితో మాట్లాడినా సగం నవ్వు. "వాళ్లింటి పిల్లనే చెప్తుంది. మొదటి సంది ఇప్పటిదాంక మా షెడ్డుల పలకలు ఒక్క పూట బంద్ పెట్టలే. గంత తక్కువ మోతకు చెవులు పోతయా? వయసు మేడం. మా అమ్మకు గూడ గిట్లనే అయింది."

"పలకలు పెట్టింది నవంబర్‌లో. అంతకు ముందు ఇరవై రెండేళ్ల సంగతేంటి?"

"దానికి కొలతలు ఎవరి దగ్గరున్నయి మేడం? ఉన్న కొలత ఇదొక్కటే."

సరిత ఇంకో కాగితం తీసింది. నవంబర్‌లో దవాఖానలో భీమమ్మకు చేసిన చెవుల పరీక్ష. అప్పటికి గట్టిగా మాట్లాడితే వినపడేది. మొన్న ఫిబ్రవరిలో మళ్లీ పరీక్ష చేస్తే అదీ లేదు. ఉన్న కాస్త వినికిడి పోయింది ఈ ఒక్క సీజనులోనే. పలకలు సీజనంతా నడిచి ఉంటే ఆ పాపం మిల్లుది కాదు. నడవకపోయి ఉంటే మిల్లుదే. అంతా ఆ ఒక్క మాట మీదికి వచ్చి నిలబడింది.

"మిల్లు ఎలక్ట్రీషియన్ ఎవరు?"

గోడకు ఆనుకుని నిలబడ్డ సాంసన్ ఒక అడుగు ముందుకు వేశాడు. భీమమ్మ కొడుకు. నిరోషకు అన్న. ఐటీఐ చదివి మిల్లులో చేరినవాడు. చెల్లె చేసిన పలకలని గర్వంగా పన్నెండింటినీ తన చేతులతో బిగించింది అతనే.

"రోజూ పలకలకు కరెంటు ఇచ్చినవా?"

సాంసన్ చొక్కా కాలరు సర్దుకున్నాడు.

"ఇచ్చిన మేడం. రోజూ నడిచినయ్."

ఇంట్లో బెల్లం డబ్బా ఖాళీ అయిన రోజుల్లో పెద్దమ్మ అడిగితే సాంసన్ చెయ్యి ఇట్లాగే మెడ దగ్గరికి పోయేది. అన్న కళ్లు తన వైపు వస్తాయేమోనని నిరోష చూసింది. రాలేదు.

సరిత ఫైలు మూసింది. "కాగితాల మీద మోత వినపడదు. పదండి, మిల్లుకే పోదాం."

* * *

మిల్లు ఊరి చివర ధరూర్ పోయే తోవలో ఉంది. వాళ్లు చేరేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. మార్చి ఎండకు ఆవరణలో తెల్లటి పత్తి కుప్పలు కళ్లలో పొడుస్తున్నాయి. సీజను చివరి పత్తి. గేటు బయట లారీలు వరుస కట్టి ఉన్నాయి.

షెడ్డు తలుపు తీయగానే మోత మీద పడింది. పద్దెనిమిది మిషన్లు, రెండు వరుసలు, పైన రేకులు. గింజను దూదిని విడదీసే రోలర్ల చప్పుడు రేకులకు కొట్టుకుని తిరిగొచ్చి పళ్లల్లోకి దిగుతోంది. సరిత తెలియకుండానే చెవులు మూసుకుంది. అరుగు మీద ముక్కుకూ నోటికీ గుడ్డలు కట్టుకున్న ఆడవాళ్లు గంపలు ఎత్తి పత్తి గుమ్మరిస్తున్నారు. నాలుగో మిషన్ దగ్గర, నెల కిందటి దాకా భీమమ్మ నిలబడ్డ చోట, ఇప్పుడు మల్లమ్మ ఉంది. భీమమ్మను చూసి తల ఊపింది గానీ చేతిలో గంప దించలేదు. మిషన్ ఆగితేనే చెయ్యి ఆగాలి ఇక్కడ.

నిరోష మీటరు పట్టుకుని అరుగు నడుమ నిలబడింది. పలకలకు కరెంటు తీసి కొలిచింది. తొంభై ఎనిమిది. సరితకు చూపించింది. తర్వాత నరేందర్ సైగ చేశాడు. సాంసన్ పెట్టె తెరిచి స్విచ్ వేశాడు. పచ్చ దీపం వెలిగింది.

డిసెంబర్‌లో ఇదే చోట నిలబడ్డప్పుడు, దీపం వెలిగిన రెండు క్షణాలకు ఎవరో పెద్ద తలుపు మూసినట్టు మోత వెనక్కి పోయింది. ఆడవాళ్లు చేతులు ఆపి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ రోజు నిరోష ఏడ్చింది కూడా.

ఇప్పుడు రెండు క్షణాలు గడిచాయి. పది గడిచాయి. తలుపు మూసుకోలేదు.

మీటరు మీద అంకె కదిలి తొంభై ఆరు దగ్గర ఆగింది.

ఆమె మీటరును కుదిపింది. మళ్లీ చూసింది. తొంభై ఆరే. పక్కనుంచి సరిత వంగి ఆ అంకె చదివి, తన పుస్తకంలో రాసుకుని, బయటికి రమ్మన్నట్టు చెయ్యి ఊపింది.

షెడ్డు బయట పత్తి బేళ్లు పేర్చిన నీడలో నిలబడేసరికి నరేందర్ మాటే మారిపోయింది.

"మేడం, నేను గూడ ఇప్పుడే చూస్తున్న. కరెంటు ఉంది, దీపం వెలుగుతుంది, మరి మోత తగ్గిందా? అయితే డిసెంబర్ల ఎనభై ఐదు ఏడికెళ్లి వచ్చింది? పట్టా కోసం రాసుకున్న అంకె అది. పెద్ద చదువు చదివిన పిల్ల గద అని మేము నమ్మినం. పలకలు పనిచేస్తున్నయని నమ్మి ఊరుకున్నం. మోసపోయింది మా మిల్లు మేడం."

ఎంత తొందరగా తిరిగాడో! గంట కింద ఆ నివేదిక అతనికి డాలు. ఇప్పుడు అదే నివేదికతో నిరోషను కొడుతున్నాడు.

"నీ జవాబేంటమ్మా?" సరిత గొంతులో ఇందాకటి మెత్తదనం లేదు. "నువ్వు రాసింది తప్పన్నా కావాలి. లేదంటే ఇప్పుడు చూసింది తప్పన్నా కావాలి."

"రెండూ నిజమే మేడం."

"అదెట్లా?"

నిరోష వెనక్కి తిరిగి షెడ్డు తలుపు వైపు చూసింది. దీపం వెలిగింది, కరెంటు అందుతోంది, నూనె కారిన జాడ లేదు. మరి ఏం మారింది? నెమ్మదిగా ఆమెకు తట్టింది. అది రుజువు చేయాలంటే ఒక్కటే దారి ఉంది.

"పలక విప్పాలె మేడం."

"సీలు తీస్తవా?" నరేందర్ నవ్వు పూర్తిగా పోయింది. "సీలు తీస్తే ఒప్పందం రద్దు. పలకలు యూనివర్సిటీవి. జవాబుదారీ మొత్తం నీదే. బాగ ఆలోచించుకో నిరోషా. నీ మంచికే చెప్తున్న."

అతను చెప్పిందాంట్లో అబద్ధం లేదు. ఒకసారి గాలీ తేమా లోపలికి పోతే ఆ నూనె పనికిరాదు. మూడేళ్లు రాత్రీ పగలూ ఆ పలకల మీదే గడిచింది. ఇంకో ఆరు నెలలైతే పట్టా చేతికొచ్చేది. గైడుకు ఫోను చేసి అడుగుదామా అనుకుంది. అడిగితే వద్దంటాడు. ఆమె పెద్దమ్మ వైపు చూసింది. భీమమ్మ ఈ గొడవ వైపే చూడడం లేదు. నీడ దాటి పడుతున్న ఎండకు నిరోష నెత్తి మీద కొంగు కప్పుదామా అన్నట్టు చూస్తోంది.

"మిషన్లు ఆపించండి మేడం," అంది నిరోష.

* * *

షెడ్డు మూగబోయింది. ఆడవాళ్లు గంపలు పట్టుకుని అరుగు మీదే నిలబడిపోయారు. సాంసన్ పలకలకు కరెంటు తీసి, లోపల మిగిలింది భూమిలోకి దిగేలా ఎర్తు తీగ ఆనించి, పానా పట్టుకుని చెల్లె దగ్గరికి వచ్చాడు.

"చెల్లే, వద్దు," అన్నాడు పెదవి విప్పీ విప్పకుండా.

"ఎందుకన్నా?"

అతను పానా ఆమె చేతిలో పెట్టి తల దించుకున్నాడు. ఇక వేరే జవాబు అక్కర్లేదనిపించింది ఆమెకు.

పై మర విప్పి స్టీలు గరిటె లోపలికి దించి బయటికి తీసింది. గరిటెలో నూనె అడుగు కనపడేంత తేటగా ఉంది, పల్లీనూనె లాగా. నవంబర్‌లో ఆమె పోసినప్పుడు అది మజ్జిగ రంగులో ఉండేది. తర్వాత కింద మర విప్పింది. నూనె దూకాల్సింది, ఒక్క చుక్క రాలేదు. సన్నటి ఇనుప చువ్వ పెట్టి పొడిచింది. చువ్వ లోపల దేనికో గుచ్చుకుని ఆగింది. లాగితే కొసకు తెల్లటి ముద్ద, తడి ఆరీ ఆరని సున్నంలాంటిది, అంటుకుని వచ్చింది.

సరిత దాన్ని వేలితో నలిపి చూసింది. "ఏందిది?"

"నూనెల ఉండాల్సిన పొడి మేడం. కరెంటు ఉన్నంతసేపు రేణువులు ఒకదాన్నొకటి పట్టుకొని ఉంటయి, కిందికి దిగవు. రోజూ కరెంటు ఇచ్చింటే ఇది పైదాంక నూనెల కలిసే ఉండేది. కరెంటు లేక దిగింది. మిషన్ల అదురుకు అడుగున గట్టిపడ్డది. ఇప్పుడు స్విచ్ ఏస్తే ఏం బిగుసుకుంటది? పైన ఉన్నది ఉత్త నూనెనాయె."

"ఎన్ని రోజులు బంద్ ఉంటే ఇట్లా అయితది?"

"రోజులు గాదు. నెలలు."

రెండో పలక విప్పారు. ఆరో పలక విప్పారు. ప్రతి దాంట్లోనూ పైన తేట నూనె, అడుగున సున్నపు ముద్ద. తొమ్మిదో పలక దగ్గర సరితే చాలంది.

నరేందర్ రుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. నిరోషకు ఇప్పుడు డిసెంబరు చివరి వారం గుర్తొచ్చింది. పలకల్లో ఏ చిన్న లోపం వచ్చినా మిషన్లు ఆగిపోయేలా ఆమె ఏర్పాటు చేసింది, పత్తి మధ్య కరెంటుతో నిప్పు భయం కాబట్టి. అట్లా రెండుసార్లు వరుస మొత్తం ఆగింది. రెండోసారి నరేందర్ ఫోను చేసి అరిచాడు. "సీజన్ల నా మిషన్ ఆగొద్దు. నువ్వేం చేస్తవో నాకు తెల్వదు," అని. ఆ తర్వాత మూడో ఫోను రాలేదు. అంతా బాగుందనుకుని ఆమె సంతోషపడింది. పరీక్షల పనిలో పడి ఒక్కసారి వచ్చి చూడలేదు. ఆ రెండు నెలల్లోనే పెద్దమ్మకు మిగిలిన కాస్త చప్పుడూ పోయింది. తప్పులో తన వాటా ఎంతో తేల్చుకోలేక నిరోష పానాను గట్టిగా పట్టుకుంది.

"సాంసన్," సరిత పిలిచింది. "రోజూ నడిచినయని నా ముందు చెప్పినవు. అది అబద్ధమని తేలింది. నీ అంతట నువ్వే బంద్ పెట్టినవా? ఎవరన్నా పెట్టమన్నరా?"

సాంసన్ తల్లి వైపు చూశాడు.

"జర భయపడకుండా చెప్పు. బంద్ పెట్టమన్నది ఎవరు?"

"మేడం..."

సరిగ్గా అప్పుడే నరేందర్ చెయ్యి పైకెత్తి గట్టిగా అరిచాడు. "మిషన్లు ఆపి ఎంతసేపాయె! గేటు బయట లారోళ్లు మొత్తుకుంటున్నరు. స్టార్ట్ చెయ్ రా!" అవతలి కొసన ఆపరేటర్ మీట వేశాడు. రోలర్లు తిరిగాయి. మోత మళ్లీ షెడ్డంతా నిండింది. సరిత ఆపమని అరుస్తోంది, ఆమె నోరు కదలడం తప్ప ఏమీ తెలియడం లేదు.

ఆ మోత చాటున నరేందర్ సాంసన్ దగ్గరికి నడిచాడు. భుజం మీద చెయ్యి వేశాడు. చెవి దగ్గరికి వంగి, ముఖాన ఆ సగం నవ్వుతోనే, రెండు మూడు మాటలు చెప్పాడు. చూసేవాళ్లకు ధైర్యం చెబుతున్నట్టే ఉంది. సాంసన్ ముఖంలో మాత్రం నెత్తురు చుక్క లేదు.

అరుగు మీద నుంచి భీమమ్మ దిగింది. ఎవరినీ అడగలేదు. గోడకున్న ఎర్ర బటన్ దగ్గరికి పోయి అరచేత్తో కొట్టింది. మిషన్లు ఒక్కొక్కటే నెమ్మదించి ఆగాయి. కాళ్ల కింద నేల అదరడం పూర్తిగా ఆగేదాకా ఆమె కదలకుండా నిలబడి, అప్పుడు నరేందర్ వైపు తిరిగింది.

జిన్నింగ్ షెడ్డులో ఆడవాళ్లు మాట్లాడుకునేది గొంతుతో కాదు. ఆ మోతలో గొంతు ఎవరికి కావాలి? పెదవులు చూస్తారు. నోటికి గుడ్డ ఒక్క క్షణం దించి, మాట అనేసి, మళ్లీ కట్టుకుంటారు. ఇరవై రెండేళ్లలో పెళ్లిళ్లూ చావులూ పండగలూ అన్నీ భీమమ్మ ఆ అరుగు మీద అట్లాగే చెప్పుకుంది, అట్లాగే విన్నది. గుడ్డ కట్టుకోని నరేందర్ నోరు ఆమెకు పదడుగుల దూరంలో, వెలుతురులో ఉంది.

"ఇంగోసారి అను సారూ," అంది. తన గొంతు తనకు వినపడని మనిషి కాబట్టి ఆ మాట షెడ్డు ఆ కొస దాకా పోయింది. "మేడం ముందల అను. మోతల చెప్పినవ్ గద, ఇప్పుడు చెప్పు."

"ఏం చెప్పిన నేను? ముసల్దానికి చెవులతో పాటు..."

"నువ్వు అనకుంటే నేనంట. ‘నా పేరు గిట్ల చెప్పినవనుకో, సురేందర్ చెయ్యి పోయిన పొద్దు మెయిన్ స్విచ్ ఏసింది ఎవరో మల్లమ్మకు నేను చెప్తా’. గిట్లన్నవా లేదా?"

పెదవుల మీద చదివిన మాటను చదివినట్టే ఒక్క ఊపున అనేసింది. అన్నాక ఆమె చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఆ బెదిరింపు పడింది తన కొడుకు చెవిలో అని, ఆ మెయిన్ వాడు వేసి ఉంటేనే ఆ మాటకు అర్థం ఉంటుందని, ఆమెకు అప్పుడు తట్టింది.

నాలుగో మిషన్ దగ్గర గంప కింద పడింది. పత్తి అరుగు మీద దొర్లింది.

సురేందర్ మల్లమ్మ పెనిమిటి. పోయిన సంక్రాంతి ముందు, ఆగి ఉన్న మిషన్ రోలర్లు తుడుస్తుంటే ఒక్కసారిగా కరెంటు వచ్చి కుడిచెయ్యి మోచేతి దాకా లాగేసుకుంది. మెయిన్ తీయకుండా అతనే లోపల చెయ్యి పెట్టాడని మిల్లు పుస్తకంలో రాశారు. మనిషి ఇంట్లో కూర్చున్నాడు, భార్య గంప ఎత్తుకుంది. ఆ రోజు అతన్ని భుజాన వేసుకుని ఆటోలో దవాఖానకు తీసుకుపోయింది సాంసనే. నెత్తురు ఇచ్చింది సాంసనే. ఇప్పటికీ ప్రతి ఆదివారం చర్చి అయ్యాక వాళ్లింటికి పోయి సురేందర్‌కు గడ్డం గీసి వచ్చేదీ అతనే.

మల్లమ్మ నోటికి కట్టిన గుడ్డ విప్పింది.

"ఏంది సాంసనన్నా, పెద్దమ్మ అనేది?"

సాంసన్ ఆమె వైపు తిరగలేదు. అతని వీపు మల్లమ్మకూ సరితకూ ఉంది, ముఖం తల్లికి ఉంది. అతని పెదవులు కదిలాయి. నాలుగైదు మాటలకంటే ఎక్కువ ఉండవు. గొంతు మాత్రం బయటికి రాలేదు. పక్కనే పానా పట్టుకుని నిలబడ్డ నిరోషకు ఊపిరి చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు.

సరిత భీమమ్మ ఎదురుగా వచ్చి నిలబడి, పెదవులు స్పష్టంగా కదుపుతూ అడిగింది. "ఏమన్నాడమ్మా మీ కొడుకు?"

మల్లమ్మ చూస్తోంది. నరేందర్ చూస్తున్నాడు. షెడ్డులో ఉన్న ఆడవాళ్లంతా చూస్తున్నారు. భీమమ్మ కొడుకు ముఖాన్ని ఇంకొక్కసారి చూసి, కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"నాకు కనపడలే మేడం," అంది.

పెద్దమ్మ నోట అబద్ధం వినడం నిరోషకు అదే మొదటిసారి.